శవం ఎత్తేదెవరు? – మా ఊళ్ళ టీవీ తెర మీద తుపాకి

మాది నంద్యాల అని చెప్పగానే ఎదుటి మనిషి కళ్ళలో ఒక సినిమా మొదలవుతుంది. ఆళ్ళగడ్డ మా అమ్మ పుట్టిల్లని కూడా చెబితే ఇక చెప్పక్కర్లేదు. బాంబులు, సుమోలు, వేటకొడవళ్ళు! సాహిత్య సభల్లో కూడా ఇదే అనుభవం. మహానంది కోనేరు గానీ, కె.సి. కాలువ కింద పండే వరి గానీ, ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు గానీ ఎవరికీ గుర్తు రావు. వాళ్ళను తప్పు పట్టను. మా ప్రాంతం గురించి వాళ్ళకు తెలిసింది తెర చెప్పినంతే. అయితే ఆ తెర మా ఇళ్ళల్లోనూ ఉంది. మా గురించి అది చెప్పే కథను వంటింటి గడప మీద కూచుని మేమూ చూశాం. 1980ల నుంచి 2000ల దాకా ఆ టీవీ తుపాకిని, బాంబును, కొడవలిని ఎలా చూపింది, కెమెరా ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఇక్కడ నేను మాట్లాడదలచుకున్నది.

మొదట వచ్చింది దూరదర్శన్. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు మొదలై, 1984 నుంచి దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు వేగంగా వెలిశాక మాలాంటి పట్టణాలకు టీవీ చేరింది. వీధికొక పెట్టె, దాని ముందు వీధి మొత్తం. దూరదర్శన్ తుపాకి ప్రభుత్వం వారి తుపాకి. 1989లో వచ్చిన 'ఫౌజీ'లో అది సైనిక శిక్షణలో భాగం. 1985 నాటి 'కరంచంద్' లాంటి డిటెక్టివ్ సీరియల్లో హత్య అంటే విప్పాల్సిన పొడుపు కథ. చనిపోయిన మనిషి ఆ పొడుపు కథకు మొదటి వాక్యం మాత్రమే. ఇక వార్తల్లో తుపాకికి కర్త ఉండేవాడు కాదు. "కాల్పులు జరిగాయి", "ఎదురుకాల్పుల్లో మరణించారు" అని వ్యాకరణమే చేతులు కడుక్కునేది. నెత్తురు తక్కువ కాబట్టి ఆ రోజుల టీవీ సంస్కారవంతంగా ఉండేదని ఇప్పుడు చాలామంది బెంగపడుతుంటారు. నెత్తురు కనిపించకపోవడం, హింస లేకపోవడం ఒకటి కాదు.

ఆ కాలంలోనే ఒక మినహాయింపు ఉంది. 1988లో ప్రసారమైన గోవింద్ నిహలానీ 'తమస్'. దేశ విభజన కల్లోలంలో పిల్లల్ని చంకనేసుకుని బావిలో దూకిన ఆడవాళ్ళను అది చూపింది. దాన్ని ఆపాలని కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ప్రసారం ఆగలేదు. హిందీ అంతంతమాత్రం వచ్చిన మా వీధి ఆడవాళ్ళకు ఆ బావి దృశ్యానికి అనువాదం అవసరం కాలేదు. హింసలో ఆడవాళ్ళకు ఏమవుతుందో టీవీ మాకు సూటిగా చెప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో అదొకటి.

దూరదర్శన్ వేసే తెలుగు సినిమాల కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. తెలుగు తెరకు కౌబాయ్ టోపీ, గుర్రం, తుపాకి అలవాటు చేసింది 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు'. మనం మరచిపోయే సంగతి ఏమిటంటే, అదే దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ అంతకు ముందు ఏడాదే, 1970లో, విజయలలిత నాయికగా 'రౌడీరాణి' తీశాడు. ప్రతీకారం తీర్చుకునే మనిషిగా ఒక ఆడదాన్ని నిలబెట్టిన సినిమా అది. తర్వాత 1985లో 'ప్రతిఘటన'లో విజయశాంతి గొడ్డలి పట్టింది. 1990లో 'కర్తవ్యం'లో పోలీసు రివాల్వర్ పట్టి, ఉత్తమ నటిగా జాతీయ అవార్డు అందుకుంది. ఆడదాని చేతికి ఆయుధం ఇస్తే స్త్రీవాదం అయిపోదు. కానీ ఆ బొమ్మల్లో కనీసం ఆమెకు కోపం ఉంది, ఆ కోపానికి ఒక కారణం ఉంది. పదేళ్ళు తిరక్కుండానే ఆ రెండూ ఆమె నుంచి లాగేసుకున్నారు.

తెర బయట మా ఊళ్ళలో జరుగుతున్నది వేరు. ఫ్యాక్షన్ అంటే కేవలం పగ కాదు. పంచాయతీ మీద, కాంట్రాక్టుల మీద, సారా పాటల మీద, ఓట్ల మీద పట్టు కోసం జరిగే పోరు. తుపాకి పెద్దింటి హోదా. లైసెన్సు ఉన్నదీ లేనిదీ, గోడకు వేలాడేదీ గన్‌మెన్ భుజాన తిరిగేదీ. చంపడానికి వాడింది ఎక్కువగా నాటుబాంబులు, వేటకొడవళ్ళు. వాటిని పట్టుకున్నది, వాటికి బలైంది చాలావరకు పెద్దింటి మగవాళ్ళు కాదు. వాళ్ళను నమ్ముకుని బతికే కూలీలు, చిన్న రైతులు, దళితులు, వెనుకబడిన కులాల మగవాళ్ళు.

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచినప్పుడు దేశమంతా టీవీలో మా ఊరిని చూసింది. జెండాలు, జనం, దండలు కనిపించాయి. రాత్రిపూట మగవాళ్ళు ఇళ్ళలో పడుకోని పల్లెలు ఆ కెమెరాలకు కనిపించలేదు.

1993లో పక్కనే అనంతపురం జిల్లా మద్దెలచెరువులో టీవీ పెట్టెలోనే బాంబు పెట్టారు. అది పేలి ఒకే ఇంట్లో తల్లీ బిడ్డలు చనిపోయారు. 'టీవీ బాంబు' అన్న మాట సీమలో ఇంటింటి మాట అయింది. ఫ్యాక్షన్ నీతిలో ఆడవాళ్ళ జోలికీ పిల్లల జోలికీ పోరని తర్వాతి సినిమాల్లో ఎన్నో డైలాగులు విన్నాం. ఆ డైలాగు వచ్చిన ప్రతిసారీ నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ చుట్టూ చేరే వస్తువునే మందుపాతరగా ఎంచుకున్నారంటే, ఆ నీతి ఎంతటిదో తెలుస్తూనే ఉంది.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర', 'ఆది', 2003లో 'ఒక్కడు'. థియేటర్లో ఒక్కసారి చూసి వదిలేసే సినిమాలు శాటిలైట్ ఛానళ్ళ పుణ్యమా అని పండగ పండగకూ ఇంటికొచ్చాయి. ఈ సినిమాల్లో తుపాకికి గౌరవం లేదు. దూరం నుంచి కాల్చేవాడు పిరికివాడు, దగ్గరకొచ్చి నరికేవాడు మగాడు. దూరదర్శన్ కాలపు ప్రభుత్వ తుపాకి స్థానంలో ఇంటిపేరుతో కూడిన కొడవలి వచ్చి కూచుంది. మగతనానికి కులం రంగు, మా మాండలికం యాస పూశారు.

ఆ యాసకు తెర మీద గొంతు జయప్రకాశ్ రెడ్డి. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వెళ్ళే దారిలోని సిరివెళ్ళలో పుట్టి, లెక్కల మాస్టారుగా పనిచేసి, నాటకాల్లోంచి వచ్చిన గొప్ప నటుడు. 2020లో చనిపోయారు. ఆయన నోట మా మాట విని మా ఇళ్ళలో అందరం మురిసిపోయాం, నిజమే. కానీ ఆ మాట నరకమని చెప్పేటప్పుడు మాత్రమే తెరకెక్కింది. అదే యాసలో పొలానికి నీళ్ళు అడిగే ఆడమనిషి గొంతు, పిల్లకు జడవేస్తూ కథ చెప్పే అవ్వ గొంతు తెరకు పనికిరాలేదు. మా భాషలో సగం, అంటే ఆడవాళ్ళు మాట్లాడే సగం, తెర మీద మూగబోయింది.

'నరసింహనాయుడు'లో ఊరిని కాపాడటానికి ఇంటికొక మగబిడ్డను ఇమ్మంటారు. జనం చప్పట్లు కొట్టిన సన్నివేశం అది. ఇవ్వాల్సిన బిడ్డను కన్నది ఎవరు, ఆమెను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న కథకు తట్టలేదు. తల్లి హారతి పడుతుంది, భార్య చనిపోయి కథానాయకుడి పగకు కారణమవుతుంది, నాయిక విదేశాల్లో పాట పాడుతుంది. ఆడవాళ్ళకు మిగిలిన పని అంతే. టీవీలో ఇలాంటి సినిమా చూస్తూ ఒకసారి మా అవ్వ అడిగింది: "అంతమందిని నరికిపాయ గదా, ఆ శవాల్ను ఎవురెత్తుతారు? సచ్చినోల్లకు పెండ్లాలు లేరా?" అందరం నవ్వాం. ఆ తర్వాత ఎన్ని సినిమా విమర్శలు చదివినా, ఎన్ని సెమినార్లలో కూచున్నా అంత సూటి ప్రశ్న మళ్ళీ వినలేదు.

ఆమె అడిగిన పెండ్లాలు మా చుట్టూ ఉన్నారు. కేసు వాయిదాకు పిల్లల్ని వెంటేసుకుని కోర్టు మెట్ల మీద కూచునేవాళ్ళు. జైలు ములాఖత్ కోసం సద్ది కట్టుకుని బస్సెక్కేవాళ్ళు. రాజీ కుదిరిందని పెద్దమనుషులు చెబితే, మొగుణ్ణి చంపినవాళ్ళ ఎదుట తలవంచుకుని నడిచేవాళ్ళు. సినిమాలో హింస శవం నేలకూలడంతో ముగుస్తుంది. ఆడవాళ్ళకు అది అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళు ఎవరూ చిత్రించని రీళ్ళు.

ఈ వితంతువులంతా ఒకటి కాదని కూడా చెప్పాలి. నాయకుడు పోతే ఆయన భార్యకు కొన్నిసార్లు పార్టీ టికెట్ వస్తుంది. నాయకుడి కోసం బాంబు సంచి మోసినవాడు పోతే అతని భార్యకు కూలిపని వస్తుంది. ఇద్దరి దుఃఖమూ నిజమే. కానీ ఒకరి దుఃఖానికి కెమెరా ఉంది, ఇంకొకరి దుఃఖానికి రేషన్ కార్డులో పేరు మార్చడానికి కూడా దిక్కులేదు. కులం, వర్గం వదిలేసి ఫ్యాక్షన్ బాధిత స్త్రీ అని ఒకే ముద్ర వేస్తే మనమూ ఆ సినిమావాళ్ళలాగే సగం కథ చెప్పినవాళ్ళమవుతాం.

మరోవైపు చూస్తే నిజమైన ఆళ్ళగడ్డ 1997 ఉప ఎన్నికలోనే శోభా నాగిరెడ్డిని శాసనసభకు పంపింది. 2014 ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాద గాయాలతో ఆమె చనిపోయాక వెలువడిన ఫలితాల్లో కూడా ఆమే గెలిచింది. ఆ రాజకీయాలతో ఏకీభవించినా లేకున్నా, ప్రచార సభల్లో మైకు పట్టుకుని మాట్లాడిన ఆడమనిషి మా ఊళ్ళ అనుభవంలో ఉంది. ఫ్యాక్షన్ సినిమాలో అలాంటి ఆడమనిషికి చోటు దొరకలేదు.

భిన్నంగా ఆలోచించిన సినిమా ఒకటుంది. కృష్ణవంశీ 'అంతఃపురం', 1998. భర్త చనిపోయాక కొడుకును తీసుకుని ఆ ఇంటి నుంచి పారిపోవాలనుకునే కోడలు సౌందర్య, ఆమెకు సాయపడే అత్త శారద. పగను వారసత్వంగా ఇచ్చే ఇంట్లో అత్తాకోడళ్ళు ఒక్కటై పిల్లవాణ్ణి బయటపడేయడం కన్నా పెద్ద తిరుగుబాటు ఏముంది? అది టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆడవాళ్ళు పనులు మానుకుని కూచునేవాళ్ళు. అయినా పరిశ్రమ ఆ దారి పట్టలేదు. తొడగొట్టే దారే పట్టింది.

2004 నుంచి ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్ళు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని తుపాకులతో కాల్చి చంపారు. ఆ రోజు టీవీ కట్టేసిన ఇల్లు సీమలో లేదేమో. ఇన్నాళ్ళూ శవం దగ్గర ఆగిపోయిన కెమెరా ఇప్పుడు భార్య ముఖం మీదికి పోయింది. మా అవ్వ ప్రశ్నకు జవాబు దొరికినట్టేనా? లేదు. ఏడ్చే ముఖాన్ని దగ్గరగా చూపడం వేరు, ఆమె మాట వినడం వేరు. 2010లో రాంగోపాల్ వర్మ 'రక్త చరిత్ర' రెండు భాగాలుగా వచ్చింది. టీవీ బాంబు కూడా తెరకెక్కింది. చనిపోయిన ఆడవాళ్ళు అక్కడ మళ్ళీ ఒక మగవాడి ఆగ్రహానికి ఇంధనమే.

2018 నాటి 'అరవింద సమేత వీరరాఘవ'లో కథానాయకుడు జేజమ్మ మాటా అరవింద మాటా విని కత్తి దించాలని చూస్తాడు. ఇరవయ్యేళ్ళకు తెలుగు సినిమా ఆడవాళ్ళ మాట విన్నదని సంతోషించాను. అయినా మాట చెప్పేది ఆమె, చరిత్ర నడిపేది అతడే.

మన భారతంలో యుద్ధం అయిపోయాక స్త్రీపర్వం ఉంది. తిక్కన దాన్ని వదిలెయ్యలేదు. శవాల మధ్య తిరుగుతూ పేరుపేరునా పిలిచి ఏడ్చే ఆడవాళ్ళకు ఒక పర్వమంతా ఇచ్చిన సంప్రదాయం మనది. సీమ ఫ్యాక్షన్ మీద ఇన్ని సినిమాలు, ఇన్ని టీవీ కార్యక్రమాలు వచ్చాయి గానీ స్త్రీపర్వం రాలేదు. ఒకప్పటి హత్యల జోరు ఇప్పుడు లేదు. 2022లో నంద్యాల జిల్లా కేంద్రం కూడా అయింది. ఆ కాలాన్ని దాటివచ్చిన ఆడవాళ్ళకు వయసు మీదపడుతోంది. రచయిత్రులం, పరిశోధకులం మనం వెళ్ళి వాళ్ళ దగ్గర కూచోవాలి. ఎవరు ఎవర్ని చంపారని కాదు, ఆ తర్వాత పిల్లల్ని ఎట్లా పెంచావని అడగాలి. సినిమాలు ఎటూ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. వాళ్ళు మాత్రం వెళ్ళిపోతున్నారు.