బొమ్మ మేడలు, మనుషులున్న మేడ

తైవాన్ రాజధాని తైపేలోని జాతీయ భూకంప ఇంజనీరింగ్ పరిశోధనా కేంద్రం విద్యార్థులకు ఒక పోటీ పెడుతుంది. ఎండీఎఫ్ చెక్క పుల్లలు, వేడి జిగురు, దారం ఇస్తారు. వాటితోనే పిల్లలు అంతస్తుల మేడలు కడతారు. ప్రతి అంతస్తులో ఇనుప దిమ్మలు ఎక్కించి షేక్ టేబుల్ మీద బిగిస్తారు. టేబుల్ ఊగుతుంది. విడత విడతకీ ఊపు పెంచుతారు. ఎక్కడో ఒక అతుకు ఊడుతుంది, ఒక అంతస్తు ఒరుగుతుంది, మేడ కూలుతుంది. తక్కువ సరుకుతో ఎక్కువ ఊపుకు ఓర్చుకున్నదే గెలుస్తుంది. ఓడినవాళ్లకూ ఏ పుల్ల ముందు విరిగిందో తెలుస్తుంది.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పోటీని తైవాన్ 2001లో అందుకుంది. 1999 సెప్టెంబర్ 21 రాత్రి భూమి కంపించి 2,400 మందికి పైగా పోయిన దుఃఖం అప్పటికింకా ఆరలేదు. తమ పిల్లలు కట్టే ఇళ్లు కూలకూడదని ఆ దేశం కోరుకుంది. అయితే పెద్దలు అంతకుముందే కట్టేసిన ఇళ్లు ఉన్నాయి. అందులో ఒకటి దక్షిణాన తైనాన్ నగరంలో, యోంగ్‌కాంగ్ ప్రాంతంలో ఉన్న వైగ్వాన్ జిన్‌లోంగ్. 1990ల తొలి ఏళ్లలో లేచిన 16 అంతస్తుల నివాస భవనం. 1999 భూకంపాన్నీ దాటి నిలిచింది.

2016 ఫిబ్రవరి 6. చాంద్రమాన కొత్త సంవత్సరానికి ఇంకా రెండు రోజులు. సంక్రాంతికి మన ఇళ్లు నిండినట్టే అక్కడా ఇళ్లు నిండాయి. తెల్లవారుజామున 3:57కి 6.4 తీవ్రతతో భూమి కదిలింది. నగరంలో చాలా మేడలు ఊగి నిలదొక్కుకున్నాయి. వైగ్వాన్ జిన్‌లోంగ్ మాత్రం కింది అంతస్తులు నలిగిపోయి, పక్కకు ఒరిగి రోడ్డు మీద పడింది. ఆ భూకంపంలో పోయినవారు 117 మంది. అందులో 115 మంది ఈ ఒక్క భవనంలోనివారే. పండగ శిథిలాల పక్కనే గడిచిపోయింది. ఆఖరి దేహం వారం తరవాత, ఫిబ్రవరి 13న దొరికింది. అది ఆ భవన నివాసుల సంఘం అధ్యక్షుడిది.

డిజైన్‌లోనూ కట్టడంలోనూ లోపాలు ఉన్నాయని విచారణ తేల్చింది. డెవలపర్, ఆర్కిటెక్టులు సహా ఐదుగురికి కోర్టు ఐదేళ్ల జైలు వేసింది. 115 ప్రాణాలకు ఐదేళ్లు!

బొమ్మ మేడను పడగొట్టి చూడొచ్చు. మనుషులున్న మేడను అలా చూడలేం. దాని పరీక్ష అంతా పునాది తీయకముందు కాగితం మీదా, కాంక్రీటు పోయకముందు ఇనుము దగ్గరా జరిగిపోవాలి. పిల్లర్ చుట్టూ కట్టే రింగులు దూరదూరంగా ఉంటే, వాటి కొనలు లోపలికి వంచకపోతే, ఊపు వచ్చినప్పుడు పిల్లర్ పగిలి నిలువు చువ్వలు బయటికి ఉబుకుతాయి. కాంక్రీటు పడ్డాక ఆ తప్పు ఎవరి కంటికీ కనపడదు. ఫ్లాట్ కొనేవాడు గచ్చు చూస్తాడు, రంగు చూస్తాడు, కిటికీలోంచి వచ్చే గాలి చూస్తాడు. రింగులు చూసే వీలు అతనికి లేదు. కింద గోడల్లేకుండా పార్కింగ్‌కు వదిలి, పైన ఇళ్లు పేర్చిన అపార్ట్‌మెంట్లు 2001 భూకంపంలో అహ్మదాబాద్‌లో ఎలా కూలాయో చూశాం. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మనం ఉంటున్నవి చాలావరకు అలాంటివే.

లెక్కను రెండోసారి సరిచూసే ఇంజనీరు ఒకరు, కాంక్రీటు పోసే ముందు రింగుల ఎడం కొలిచి కాదని చెప్పగల మనిషి ఒకరు. యోంగ్‌కాంగ్‌లో ఆ ఇద్దరూ తమ పని చేసి ఉంటే ఆ ఏడు ఆ ఇళ్లలో పండగ జరిగేది.