సేమియాలో పురుగు, ఎరుపులో పురుగు

మొన్న మన గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. వర్మిసెల్లి అంటే ఇటలీ భాషలో పురుగులట, తినకూడదట. దాని కింద ఒకరు, రంజాన్‌కి పక్కింటివాళ్లు పంపే షీర్‌ఖుర్మా కూడా వద్దనాలా అని రాశారు. 1970, 1984 అల్లర్లు చూసిన భివండీలో, అందులోనూ మన నాగావ్‌లో, ఈ మాటను నవ్వి వదిలేయలేకపోయాం.

అర్థం నిజమే. లాటిన్‌లో వర్మిస్ అంటే పురుగు, వర్మిక్యులస్ అంటే చిన్న పురుగు. సన్నగా తీసిన పిండికి ఇటలీవాళ్లు ఆకారం చూసి ఆ పేరు పెట్టారు, అంతే. మనం బెల్లం గవ్వలు తింటాం, సముద్రపు గవ్వలు నమిలామా?

నేతవాళ్లం కాబట్టి మనకు పనికొచ్చే కథ వేరే ఉంది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఓక్ చెట్ల మీద కెర్మీస్ అనే కీటకాలుంటాయి. ఆడవాటిని ఎండబెట్టి, దంచి, ఉన్నికీ పట్టుకీ ఎర్రరంగు వేసేవారు. జెరోం చేసిన లాటిన్ బైబిల్‌లో ఎర్రరంగుకు వర్మిక్యులస్ అన్న మాటే కనిపిస్తుంది. ఇంగ్లీషు వర్మిలియన్ పుట్టింది అందులోంచే. తమాషా ఏమంటే, వర్మిలియన్ అంటే మన ఇంగిలీకం, పాదరసం గంధకం కలిసినది. అందులో పురుగే లేదు, పేరు మాత్రం మిగిలింది. క్రిమ్సన్ కూడా అంతే. అరబ్బీ కిర్మిజ్, దాని వెనక పారశీకం కిర్మ్, దానికి చుట్టం మన కృమి. మేము చదివిన తమిళ మీడియం పాఠాల్లో అది కిరుమి.

మన దేశంలో ఆ పని లక్కపురుగు చేసింది. దాని రంగుతో పట్టు అద్దారు, ఆడవాళ్ల పాదాలకు లత్తుక పెట్టారు. దాని జిగురే లక్క. రైల్వేలో ఉన్నన్నాళ్లూ క్యాష్ బ్యాగు మూతికి ఆ లక్క కరిగించే సీలు వేశాం. వేళ్లు కాల్చుకున్నాం గానీ పురుగు ముట్టుకున్నామని ఎవరూ అనలేదు. మన ఇళ్లలో లక్కగాజులు ఎవరు తొడుక్కోలేదు?

నూలు బట్టకు మాత్రం మనవాళ్లు పటిక పట్టించి చిరివేరుతో ఎరుపు తెచ్చేవారు. తమిళంలో సాయవేరు. ఆ వేరులోని ఎర్రరంగు పదార్థం అలిజరిన్‌ను 1868లో జర్మనీ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్‌మన్ తయారుచేశాక వేర్ల గిరాకీ పడిపోయింది. ఇప్పుడు మన సాంచాల మీద గ్రే బట్ట దిగుతుంది, రంగు ఇంకెక్కడో పడుతుంది.

ఫార్వర్డ్ పెట్టినవారిని తప్పుపట్టడం లేదు. మా ఇంటికి మాత్రం రంజాన్‌కి షీర్‌ఖుర్మా వస్తుంది, తింటాం. గిన్నె ఖాళీగా తిప్పి పంపే అలవాటు లేదు కాబట్టి, బెల్లం గవ్వలు పోసి పంపుతాం.