గులకరాళ్ళపై జంతు చిత్రలేఖనం

గులకరాళ్ళపై జంతు చిత్రలేఖనం అనగా నునుపైన రాళ్ళకు రంగులు వేసి, తాబేలు, కప్ప, అక్షింతల పురుగు వంటి ప్రాణుల రూపమిచ్చి, పెరటి తోటలోనూ పూలకుండీలలోనూ అలంకారంగా ఉంచే హస్తకళ. పిల్లలు పెద్దల సాయంతో చేసే వ్యాపకాలలో ఇది ఒకటి. ఇందులో రాతిని చెక్కరు. రాయికి సహజంగా ఉన్న ఆకారమే బొమ్మను నిర్ణయిస్తుంది. తెలుగులో "రంగురాళ్ళు" అన్న మాట జాతిరత్నాలకు స్థిరపడింది కనుక ఆ పేరు వీటికి పొసగదు.

చరిత్ర

రాళ్ళకు రంగు వేయడం అతి ప్రాచీనమైన అలవాటు. ఫ్రాన్సులోని మాస్ దాజిల్ గుహలో 1887-89 మధ్య ఎడ్వర్డ్ పియెట్ జరిపిన తవ్వకాలలో ఎర్రని కావిరంగుతో చుక్కలు, గీతలు పెట్టిన గులకరాళ్ళు దొరికాయి. సుమారు 12 వేల ఏళ్ళనాటి ఈ రాళ్ళను ఎందుకు తయారుచేశారో ఇప్పటికీ తేలలేదు. రాయినే జంతువుగా తీర్చే నేటి పద్ధతి వ్యాపించడానికి అమెరికా చిత్రకారిణి లిన్ వెల్‌ఫోర్డ్ 1990లలో వెలువరించిన పుస్తకాలు తోడ్పడ్డాయి. 2020 కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో బ్రిటన్‌లో పిల్లలు రంగు వేసిన రాళ్ళను వరుసగా పేర్చి పొడవైన పాములను తయారుచేశారు.

రాయి ఎంపిక

పైభాగం ఉబ్బి అడుగు చదునుగా ఉన్న రాయి తాబేలుకు, అక్షింతల పురుగుకు అనువైనది. కోడిగుడ్డు ఆకారంలో నిలువుగా నిలబడే రాయి గుడ్లగూబకు నప్పుతుంది. ఇంటి నిర్మాణంలో మిగిలిన కడప బండ ముక్కలపై చేప, సీతాకోకచిలుక బాగా కుదురుతాయి. ఇసుకరాయి రంగును పీల్చుకుంటుంది కనుక దానికి ఎక్కువ పూతలు అవసరం.

వాగులో నీటి అడుగున ఉన్న రాళ్ళను తీయకపోవడం మంచిది. చిన్న చేపలు, పీతలు, కీటకాల డింభకాలు వాటి చాటునే బ్రతుకుతాయి. బొమ్మ పీత కోసం నిజమైన పీత ఇల్లు పీకడం అర్థం లేని పని.

తయారీ విధానం

రాయిని సబ్బునీటితో తోమి కడిగి, కనీసం ఒక రోజు ఎండలో ఆరబెట్టాలి. లోపల తడి మిగిలితే రంగు పొరలుగా ఊడిపోతుంది. తొందరపడి తడి రాళ్ళను పొయ్యి మీద వేడిచేయరాదు. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదముంది.

ముందుగా తెల్లరంగు పూస్తే దానిపై ఎరుపు, పసుపు రంగులు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. ఒక మందపాటి పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. చుక్కలను అగ్గిపుల్ల కొనతో పెట్టవచ్చు. కళ్ళను చివరగా వేస్తారు. నల్లని కనుపాపలో ఒక తెల్లచుక్క పెట్టగానే రాయి ప్రాణిలా కనిపిస్తుంది. బొమ్మతోపాటు కొంత జీవశాస్త్రమూ నేర్పవచ్చు: అక్షింతల పురుగుకు కాళ్ళు ఆరు, తొలకరిలో కనిపించే ఎర్రని ఆరుద్ర పురుగుకు ఎనిమిది. రెండవది కీటకం కాదు, సాలీళ్ళకు బంధువు.

రంగులు, జాగ్రత్తలు

పోస్టర్ రంగులు తొలి వానకే కరిగిపోతాయి. అక్రిలిక్ రంగులు నీటిలో కలిసేవే అయినా, ఆరిన తరువాత నీటికి కరగని పొరగా మారతాయి. గోడలకు వేసే నీటి ఆధారిత రంగులలో మిగిలినవి కూడా పనికివస్తాయి. అయితే ఇంట్లో ఏళ్ళ తరబడి పడివున్న ఎనామిల్ డబ్బాలను పిల్లలకు ఇవ్వరాదు. పూర్వం పసుపు, ఎరుపు ఎనామిల్ రంగులలో సీసపు సమ్మేళనాలు వాడేవారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. భారతదేశంలో గృహ, అలంకరణ రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసిన నియమాలు నవంబరు 1, 2017 నుండి అమలులోకి వచ్చాయి.

చివరి పూతగా వేసే వార్నిష్‌ను పెద్దలే, ఆరుబయట వేయాలి. మూడేళ్ళలోపు పిల్లలు నోట్లో పెట్టుకోగల చిన్న రాళ్ళను వాడరాదు.

తోటలో నెలల తరబడి కదలని రాయి అడుగున తేళ్ళు, జెర్రులు చేరతాయి. రంగు వెలిసిన బొమ్మను మళ్ళీ దిద్దడానికి తీసేటప్పుడు పిల్లలు నేరుగా చేయి పెట్టకుండా, పెద్దలు ముందు కర్రతో దొర్లించి చూడాలి.