కొల్లేటి నీళ్లు, జిరాక్స్ మాన్యువల్

మన దేశంలో ఆధునిక ఇంజనీరింగ్ చదువు నల్లబల్ల ముందు కాదు, గొలుసు పట్టుకుని నేల కొలుస్తూ మొదలైంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు మైకేల్ టాపింగ్ 1794లో ఎనిమిది మంది కుర్రాళ్లతో సర్వే పాఠశాల పెట్టించాడు. అదే పెరిగి గిండీ ఇంజనీరింగ్ కళాశాల అయింది. కృష్ణా గోదావరుల నేలను కొలిచి సాగునీటి ఊసెత్తిన తొలివారిలో ఒకడైన టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే పోయాడు. తర్వాత అర్ధశతాబ్దానికి కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించి (1847–1852) డెల్టాకు నీళ్లు పారించగలిగాడంటే, దాని వెనుక నేల ఎత్తులు కొలిచి రాసిన లెవెలింగ్ పుస్తకాలున్నాయి. అవి సర్కారు సొత్తే, రైతు కంటపడేవి కావు. కానీ వాటికి ఒక గుణం ఉంది: తెలిసిన ఎత్తు దగ్గర మొదలుపెట్టి తెలిసిన ఎత్తు దగ్గరే ముగిస్తే ఎంత తప్పామో లెక్కే చెబుతుంది. తర్వాత వచ్చినవాడు దాన్ని దిద్దుకోవచ్చు. మన ప్రయోగశాల పాఠాలు పోగొట్టుకున్నది ఈ గుణాన్నేనని నా వాదన.

కళాశాలలకేమీ కొదవ రాలేదు. 1946లో మొదలైన ప్రభుత్వ కళాశాల కాకినాడలో స్థిరపడింది, 1972లో జేఎన్‌టీయూ వచ్చింది, 1989లో ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల, 2001లో తాడేపల్లిగూడెం దగ్గర శ్రీ వాసవి, 2015లో అదే ఊళ్లో నిట్. వీటితో పాటు ఊరూరా స్థిరపడిన ఆచారం ఒకటుంది: ల్యాబ్ మాన్యువల్ చూసి అబ్జర్వేషన్, అబ్జర్వేషన్ చూసి రికార్డు, రికార్డు చూసి వైవా. ఆ మాన్యువల్ కోసం ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టింది లేదు. సీనియర్ దగ్గర తీసుకుని జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే సరిపోయేది. అంటే ఉచిత పాఠ్యసామగ్రి మనకు కొత్త కాదు. లేనిదల్లా రాసినవారి పేరు, సవరించిన తేదీ, తప్పు దిద్దే హక్కు. ఒకసారి తప్పుగా టైపైన నమూనా విలువ అలాగే తరాల రికార్డుల్లోకి ఎక్కుతుంది, ఎందుకంటే దాన్ని దిద్దే బాధ్యత ఎవరిదీ కాదు.

బయట ఈ పాతికేళ్లలో పని జరగకపోలేదు. 2003లో ఎన్‌పీటెల్ పాఠాలు, 2009 నుంచి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి కట్టిన వర్చువల్ ల్యాబ్స్, తెలుగులోనూ వినగలిగే ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఐఐటీ బొంబాయివారే నడిపే ఫాసీ ప్రాజెక్టులోని ల్యాబ్ మైగ్రేషన్. లైసెన్సు కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌తో నడిచే ల్యాబును సైలాబ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి, ఆ పరిష్కారాలను అందరి ముందూ పెట్టడం దాని పని. అయితే అదంతా కంప్యూటర్ ముందు జరిగే ల్యాబు. బ్యూరెట్టూ లెవెలూ పట్టుకునే ల్యాబుల సంగతి?

ఇక్కడే ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సు, దాని చేపల చెరువులు కావాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది, సివిల్ విద్యార్థులందరూ చేసేదే. సీసాలో బుడగ లేకుండా నీళ్లు నింపి మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు పోస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం పోస్తే మడ్డి కరిగి నీళ్లు పసుపుపచ్చ అవుతాయి. అందులో 200 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మాలిటీ థయోసల్ఫేటుతో టైట్రేషన్ చేస్తే, బ్యూరెట్‌లో దిగిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. చివర్లో పిండిద్రావణం వేయగానే వచ్చిన నీలం పోయిందంటే లెక్క ముగిసినట్టు. ల్యాబు కుళాయి నీటికి ఇది చాలు. మేత కుళ్లిన చేపల చెరువులో నైట్రైట్ ఉంటుంది. అది అయొడైడు నుంచి తానూ అయొడిన్‌ను విడగొట్టి, లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే అక్కడ అజైడ్ కలపాలి. పైగా మడ్డి దిగేదాకా పని గట్టు మీదే కానివ్వాలి, కళాశాలకు తెచ్చేలోపు ఆక్సిజన్ మారిపోతుంది. తెల్లవారుజామున అది అట్టడుగుకు పడిపోతుందని ఏరేటర్లు తిప్పే రైతుకు తెలుసు. ఏ వేళ నీళ్లు పట్టారో రాసుకోవడానికి రికార్డులో గడి ఉండాలి. లెవెలింగ్ సంగతీ అంతే. 1999లో కొల్లేరును +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో దాని లోపలి చెరువుల గట్లు తెంచారు. ఎవరి చెరువు ఆ గీతకు ఇటో అటో తేల్చేది లెవెలే.

సమాధానాలు అందరి ముందూ పెడితే పిల్లలు కాపీ కొడతారంటారు. ఇప్పుడు కొట్టడం లేదా? కాపీకి లొంగేది ఏటా ఒకే జవాబొచ్చే ప్రయోగం. ఈ వారం చెరువు నీళ్లకు నిరుటి రికార్డు పనికిరాదు. వర్చువల్ ల్యాబ్ ఉండగా ఇదెందుకని మరో మాట. తెరమీద ముందే పెట్టిన సంఖ్యలొస్తాయి గానీ చెరువులోని నైట్రైట్ రాదు, గట్టు మీద చేసిన పొరపాటూ రాదు. సిలబస్ విశ్వవిద్యాలయానిది, మేమేం చేయగలం అనేది కొంతవరకు నిజమే. సిలబస్ ప్రయోగం పేరు చెబుతుంది, నీళ్లు ఎక్కడివో చెప్పదు కదా. అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: మాన్యువల్ రాసిన అధ్యాపకుడికి ప్రమోషన్‌లో దక్కేది దాదాపు శూన్యం. దీనికి సులువైన జవాబు లేదు. పరిశోధనా పత్రాన్ని లెక్కించినట్టే దీన్నీ లెక్కించమని యాజమాన్యాలను అడగాల్సిందే.

ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలలకు ఒక విన్నపం. వచ్చే ఏడు మాన్యువల్ అచ్చుకు పంపేముందు మొదటి పుటలో రాసినవారి పేరు, సవరించిన తేదీ వేయండి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్లీ అందరికీ ఇవ్వాలి అని దాని కింద రాయండి. ఆ ఫైలును పీడీఎఫ్‌గా కాక, దిద్దడానికి వీలుగా కళాశాల వెబ్‌సైట్‌లో పెట్టండి.