మరల చూడడమనే సంప్రదాయం: 'మాయాబజార్' చరిత్ర

తెలిసిన కథను తిరిగి వినడం మన జాతికి కొత్త కాదు. శ్రీరామనవమి పందిట్లో హరికథ వినడానికి వెళ్లేవారెవరూ సీత దొరుకుతుందా, దొరకదా అన్న సందేహం తీర్చుకోవడానికి వెళ్లరు. తోలుబొమ్మలాట ఎదుట తెల్లవార్లూ కూర్చున్న రైతుకు లంక కాలుతుందని ముందే తెలుసు. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయాలను చూడవచ్చిన ప్రేక్షకులకు రాయబారం విఫలమవుతుందన్న సంగతి తెలియనిది కాదు. అయినా వారు పద్యం ముగియగానే 'వన్స్ మోర్' అని కేకవేసేవారు. నటుడు కథను అక్కడే ఆపి, హార్మోనియం శ్రుతి అందుకుని, అదే పద్యాన్ని మళ్లీ పాడేవాడు. యుద్ధం ఆగేది, సంధి ఆగేది, భగవంతుడైన కృష్ణుడు కూడా ఆగేవాడు.

ఈ అలవాటును పురాణానికి అన్వయించినప్పుడు భక్తి అన్నాము. కావ్యానికి అన్వయించినప్పుడు రసాస్వాదన అన్నాము. చలనచిత్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఒకే బొమ్మను పదిసార్లు చూసినవాణ్ణి పని లేనివాడన్నాము. ఈ భేదం న్యాయమేనా? రసాన్ని చర్వణతో పోల్చినవాడు అభినవగుప్తుడు. నమిలిన కొద్దీ రుచి తెలిసే వస్తువును ఒకసారి నమిలి విడువమనడం ఏ శాస్త్రమూ చెప్పదు.

మన దేశంలో జనం మళ్లీ మళ్లీ చూసిన చిత్రాలు లేకపోలేదు. 1936లో వచ్చిన మరాఠీ 'సంత్ తుకారాం' బొంబాయిలో ఒకే థియేటరులో ఏడాదికి పైగా ఆడింది. 1943 నాటి 'కిస్మత్' కలకత్తాలో మూడేళ్లు దాటింది. 1975లో విడుదలైన 'షోలే' బొంబాయి మినర్వా థియేటరులో అయిదేళ్లు నిలిచింది. దాని సంభాషణలు గ్రామఫోను రికార్డులై ఇంటింటా మోగాయి. వీటిలో ప్రతిదీ ఆ కాలపు మహాప్రవాహం. తెలుగువారి 'మాయాబజార్' తీరు కొంత వేరు. అది ఒక్క ఊళ్లో అయిదేళ్లు ఆడిన చిత్రం కాదు. తాత చూసినదాన్ని మనుమడూ, ఆ మనుమడి బిడ్డా చూస్తూ వచ్చిన చిత్రం. దాని చరిత్రను పరిశీలిస్తే మరల చూడడమంటే ఏమిటో కొంత బోధపడుతుంది.

ముందుగా కథ సంగతి. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. కవిత్రయ భారతంలోనూ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడింది విరాటుని కూతురు ఉత్తరను. బలరామునికి ఒక కూతురున్నదనీ, ఆమెను మేనత్త కొడుకైన అభిమన్యునికి ఇస్తామని చెప్పి తరువాత మాట తప్పారనీ, ఘటోత్కచుడు మాయచేసి ఆ పెళ్లి జరిపించాడనీ చెప్పినది జనం. ఆ పిల్లకు ఒకచోట శశిరేఖ అని పేరు, ఒకచోట వత్సల, మరొకచోట సురేఖ. 1921లోనే బాబూరావ్ పెయింటర్ కొల్హాపురంలో ఈ కథను 'సురేఖా హరణ్' పేరుతో మూకీగా తీశాడు. 1936లో తెలుగు టాకీగానూ ఇది వచ్చింది. వీటన్నిటికంటె మన పల్లెలకు ఈ కథను బాగా పరిచయం చేసినది సురభి నాటకసమాజాల రంగస్థలం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాలవారు తీగలమీద రాక్షసులను ఎగురవేసి, తెరలమీద తెరలు మార్చి చూపిన 'మాయాబజార్'ను ఎందరో కళ్లింతలు చేసుకుని చూశారు.

కనుక 1957 మార్చి 27వ తేదీన విజయావారి చిత్రం విడుదలైన నాడు మొదటి ఆటకు వచ్చినవారు సైతం ఒక విధంగా రెండవసారి చూసినవారే. కథలో దాచవలసిన రహస్యం లేదు. రహస్యం లేని కథను చెప్పవలసినవాడు దేనిమీద ఆధారపడాలి? మాటమీద, చూపుమీద, పాత్రమీద ఆధారపడాలి. ఈ చిత్రం ఇంతకాలం నిలవడానికి మూలం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఏమి జరుగుతుందన్న ఆతురతమీద కట్టిన కథ మొదటి చూపుతోనే సగం ఖర్చయిపోతుంది. ఎలా జరుగుతుందన్న ఆనందంమీద కట్టిన కథకు ఆ ఖర్చు లేదు.

నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నిర్మాతలు, కె. వి. రెడ్డిగారు దర్శకులు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. కళాదర్శకత్వం మాధవపెద్ది గోఖలే, కళాధర్‌లది. సాలూరు రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి విరమించగా ఘంటసాలగారు సంగీతాన్ని పూర్తిచేశారు. తెలుగు చిత్రం వెలువడిన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, తమిళ రూపమూ వచ్చింది. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. ఈ వివరాలు చాలామందికి కంఠస్థమే. ఇక్కడ సాహిత్యకారులమైన మనకు ముఖ్యమైనది కథ, మాటలు, పాటలు సమకూర్చిన పింగళి నాగేంద్రరావుగారి పని.

పింగళివారు (1901–1971) రంగస్థలంనుంచి వచ్చినవారు, 'వింధ్యరాణి' నాటకకర్త. 1951లో 'పాతాళభైరవి'తోనే 'డింగరి' వంటి మాటలను జనం నాలుకమీద పెట్టారు. 'మాయాబజార్'లో ఆయన చేసిన పని మరింత లోతైనది. ఘటోత్కచుని ఆశ్రమంలో గురువు చిన్నమయ్య అసురబాలకులకు పాఠం చెపుతాడు. వారికి సంయుక్తాక్షరం పలకదు. దుష్టచతుష్టయం వారి నోట విరిగి ముక్కలవుతుంది. 'అస్మదీయులు' అన్నది 'అసమదీయులు' అవుతుంది. అసమదీయులు మనవారైనప్పుడు పగవారు ఎవరు కావాలి? 'తసమదీయులు'! సంస్కృతంలో అస్మదీయ శబ్దం ఉన్నది. తస్మదీయ శబ్దం లేదు, తదీయమే ఉన్నది. ఇది వ్యాకరణరీత్యా అపశబ్దం, తప్పుడు సాదృశ్యంవల్ల పుట్టినది. కాని భాషల్లో మాటలు పుట్టే దారుల్లో ఈ సాదృశ్యం ఒక రాజమార్గమని భాషాశాస్త్రం చదివినవారికి తెలుసు. ఘటోత్కచుడు కొత్త మాటను చూసి కోపగించుకోడు. మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు.

గిడుగువారి కాలంనుంచి మన పండితులు గ్రాంథిక వ్యావహారికాలపై ఎన్ని సభలు చేశారో, ఎంత సిరా ఖర్చుపెట్టారో మనకు తెలుసు. ఆ వాదమంతా ఒక రాక్షసుని కొలువులో రెండు నిమిషాల హాస్యంగా మారి, అక్షరం రాని ప్రేక్షకునికి కూడా అర్థమైపోయింది. మాటకు అధికారం ఎవరిస్తారు? పలికే జనమే ఇస్తారు. ఆ సన్నివేశం తన తీర్పును తానే రుజువు చేసుకున్నది కూడా. ఈనాడు పత్రికల రాజకీయ వ్యాఖ్యల్లో అస్మదీయులు, తస్మదీయులు జంటగా కనబడుతూ ఉంటారు. వాడేవారిలో ఎందరికి ఆ జంటలో రెండవది పింగళివారి సొమ్మని జ్ఞాపకం?

ఒకప్పుడు ఈ సన్నివేశాన్ని మరొక భాషలోకి అనువదించడానికి నేను పూనుకున్నాను. అర్థం చెప్పడం కష్టం కాలేదు. హాస్యం రాలేదు. సంస్కృత శబ్దాన్ని విరిచి పలికితే నవ్వు రావాలంటే, ముందు ఆ శబ్దంపట్ల వినేవారికి కొంత భయభక్తులుండాలి. ఆ భయం లేని భాషలో విరిచేందుకు ఏమీ ఉండదు. 'గింబళి', 'గిల్పం' దగ్గర ఇంకా చిక్కు. కంబళి, గింబళి అని తెలుగువాడు పలికినప్పుడు, ఆ రెండవ మాట తెలుగు పెరట్లో పుట్టిన ప్రతిధ్వని. పుస్తకం, గిస్తకం అనే ప్రతి ఇంటిలోనూ ఉన్నదే. ఆ ప్రతిధ్వనికి ఒక వస్తువును సృష్టించి, దానిని నడిపించి, శకుని పరివారాన్ని హడలగొట్టిన ఘనత కవిది. మూడు నెలలు కూర్చుని కాగితాలు కట్టి పక్కన పెట్టాను. ఒక సినిమా మాటల రచయిత ఎదుట నేను ఓడిపోయానని ఒప్పుకోవడానికి నాకు మరికొంతకాలం పట్టింది.

మరల చూసినకొద్దీ పెరిగే రుచికి మరొక కారణం ఉన్నది. ఈ చిత్రంలో పాండవులు కనబడరు. వారి జూదం, వారి ఓటమి కబురుగానే వస్తాయి. రాజ్యం పోయిన మరుక్షణం బలరాముని ఇంట్లో మేనరికం మాట మారుతుంది; సంపద ఉన్న సుయోధనుని కొడుకు అల్లుడుగా ఖాయమవుతాడు. పేదరికం వచ్చిన ఆడపడుచును పుట్టింటివారు ఎలా చూస్తారో సుభద్ర ముఖంలో చూసిన మన స్త్రీలకు, అది పురాణకథ అనిపించలేదు. చిన్నప్పుడు ఇంద్రజాలం చూసి నవ్విన పిల్ల, పెళ్లి ఈడు వచ్చినప్పుడు శశిరేఖను చూస్తుంది. తల్లి అయిన తరువాత రేవతిని, సుభద్రను చూస్తుంది. చిత్రం అదే, చూసేవారు వేరు.

అంతకంటె దుఃఖకరమైన సత్యం ఒకటి తెరవెనుక నిలిచి ఉన్నది. అభిమన్యుడు పద్మవ్యూహంలో చనిపోతాడు. ఘటోత్కచుడు కర్ణుని శక్తికి బలి అవుతాడు. చిత్రం ఆ మాట ఎత్తదు. భారతం తెలిసిన ప్రేక్షకుడు మరచిపోలేడు. ఇద్దరు అన్నదమ్ములు అడవిలో తెలియక పోరాడి, తెలిసి కౌగిలించుకున్నప్పుడు, మాయా శశిరేఖ వేషంలో సావిత్రిగారు మగనడక నడిచి నవ్విస్తున్నప్పుడు, ఆ నవ్వు వెనుక కురుక్షేత్రం ఉన్నది. జనం కల్పించిన ఈ కథ వ్యాసుడు చంపిన ఇద్దరు బిడ్డలకు జనం ఇచ్చిన ఒక్కరోజు పండుగ. ఆ పండుగకు పదేపదే వెళ్లాలనిపించడంలో వింత ఏమున్నది?

నేను ఈ చిత్రాన్ని మొదట చూసినది 1970ల్లో, మా ఊరి చివర వేసిన డేరా హాల్లో, నేల టిక్కెట్టుమీద. యంత్రం ఒక్కటే కనుక రీలు మార్చేటప్పుడల్లా దీపం వెలిగేది. మా నాయనమ్మకు చదువు రాదు. రీలు మారే ఆ విరామంలో రాబోయే సన్నివేశంలోని మాటలను ఆమె ముందుగానే చెప్పేది. వెనుకనున్నవారు కసరలేదు సరికదా, తప్పితే సరిదిద్దేవారు. వాచకం తెలిసిన సభ అది. పురాణశ్రవణానికీ దానికీ నాకు భేదం కనబడలేదు. తరువాత రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రాలు వచ్చాయి. జనం కళ్లతో చూసినదాన్ని చెవులతో చూడడం నేర్చుకున్నారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చిన తరువాత డేరా ఇంట్లోకి నడిచివచ్చింది. ఆ తరువాత వీడియో క్యాసెట్లు, ప్రైవేటు ఛానెళ్లు, నేటి చేతి ఫోనులు. సాధనం మారిన ప్రతిసారీ ఈ చిత్రం కొత్త వాహనమెక్కింది. 2013లో ఒక ఆంగ్ల వార్తా ఛానెల్ భారతీయ చిత్రాల్లో అత్యుత్తమమైనది ఏదని ప్రేక్షకులను అడిగినప్పుడు వారు దీనినే ఎన్నుకున్నారు.

అన్ని చిత్రాలకూ ఈ భాగ్యం పట్టలేదు. 1931 నాటి మన తొలి టాకీ 'ఆలం ఆరా' ప్రతి నేడు లేదు. 1932లో విడుదలైన తొలి సంపూర్ణ తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' కూడా పోయింది. పూనాలో జాతీయ ఫిల్ము భాండారం ఏర్పడినది 1964లో. అంతకుముందు మూడు దశాబ్దాల ఫిల్ము గోదాముల్లో చెడి, కాలి, కరిగిపోయింది. అడిగేవారు లేని చిత్రానికి ప్రతి తీసేవారుండరు. జనం మరల మరల అడిగారు కనుకనే 'మాయాబజార్' ప్రతులు పుడుతూ వచ్చాయి. తాటాకు గ్రంథాలు బ్రతికినదీ ఇలాగే కదా. చదివేవారున్నంతకాలమే లేఖకుడు కొత్త ఆకులమీద ఎక్కించాడు.

కాని ప్రతి పుట్టినచోట పాఠభేదమూ పుడుతుంది. 2010 జనవరిలో ఈ చిత్రానికి రంగులు వేసి విడుదల చేశారు. పాత చట్రాన్ని వెడల్పు తెరకు అనువుగా మార్చారు. ధ్వనిని కొత్తగా కూర్చారు. కొన్ని పాటలు, పద్యాలు అందులో చేరలేదు. ఆ పని వెనుకనున్న శ్రమనూ శ్రద్ధనూ నేను కాదనను. దానివల్ల ఎందరో పిల్లలు ఈ చిత్రాన్ని మొదటిసారిగా థియేటరులో చూశారు. వారిలో మా అమ్మాయి ఒకతె. ఆట ముగిసి బయటకు వస్తుంటే ఆమె సంతోషంగానే ఉన్నది. నాకు మాత్రం, బార్ట్‌లీ కేవలం వెలుగునీడలతో కాయించిన వెన్నెలకు నీలం పూయడం, మూలానికి వ్యాఖ్య వ్రాసి మూలంగా అచ్చువేసినట్లు తోచింది. వ్యాఖ్య ఉండవచ్చు; మూలం చెరిగిపోకూడదు. రేపటి తరంవారు రంగుల ప్రతినే అసలని నమ్మితే, వారి జ్ఞాపకంలో లేని పద్యాన్ని అడిగేవారెవరు?

నన్నయ భారతానికి ఎన్ని తాళపత్రాలు సరిపోల్చి పరిష్కరణ చేశారో మనం గౌరవంగా చెప్పుకుంటాము. పింగళివారి వాచకానికి ఆ గౌరవం దక్కవలసి ఉన్నది. తొలి విడుదలలోని పాఠం ఏది, తరువాత తెగినదేది, తమిళంలో మారినదేది, సురభి రంగస్థలంనుంచి తెచ్చుకున్నదేది, ఆయన సొంతంగా పుట్టించినదేది, ఇవన్నీ సరిచూసి నిర్ణయించడం సినిమావారి పని కాదు. సాహిత్య పరిశోధకుల పని. తెలుగు నాటక చరిత్రలు వ్రాసినప్పుడు రంగస్థలంతో ఆగిపోయి, అదే కలం తెరమీదికి వెళ్లగానే మనం చూపు తిప్పుకున్నాము. జనం చూపు తిప్పుకోలేదు.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ డేరా నిలిచిన చోట ఇళ్లు లేచాయి. రీలు మారే విరామంలో ఆమె చెప్పిన మాటలను ఎవరూ వ్రాసుకోలేదు. కాని ఆ చీకటిలో ఆమె పొరపాటు పడినప్పుడల్లా వెనుకనుంచి ఎవరో ఒకరు సరిదిద్దుతూనే ఉండేవారు. ఇన్నాళ్లు ఆ పాఠాన్ని కాపాడినవారు వారు. ఇకమీదట ఆ పని మనది.