దర్జీ చిట్టాలోని నడుము కొలత

మనవైపు పెద్దలకు నడుము పెరుగుదలను తెలుపు సాధనము మొలత్రాడొక్కటే. అది బిగిసినప్పుడు ముడి సడలించుకొనుటయో, క్రొత్తది కట్టుకొనుటయో తప్ప, ఆ బిగువును వ్యాధిసూచనగా ఎన్నినవారు అరుదు. పైపెచ్చు కాస్త బొజ్జ కనబడినచో కలిగినవాడని గౌరవించుట లోకరీతి. వైద్యులును చిరకాలము లోకులతో పాటే నడచిరి. కొవ్వు ఎంత యున్నదనుటకన్న దేహమున ఎచ్చట చేరినదనునదే ముఖ్యమని 1947లో మార్సెయ్ నగర వైద్యుడు జాన్ వాగ్ చెప్పినను, ఆ మాట చాలకాలము మరుగుననే యుండెను.

ఆ కాలముననే బ్రిటనులో, నిన్నటివరకు నిక్షేపముగా పనిచేసికొనుచున్న నడివయస్కులు గుండెపోటుతో కూలుట నానాటికి హెచ్చుచుండగా, జెరీ మారిస్ అను వైద్యుడు దానికి కారణమును ఆసుపత్రులలో గాక ఉద్యోగములలో వెదకబూనెను. ఆయనకు దొరికిన ప్రయోగశాల లండను రెండంతస్తుల బస్సు. ముందుభాగమున ఇరుకు గదిలో డ్రైవరు తన పనివేళలో నూటికి తొంబది వంతులు కూర్చుండియే గడుపును. కండక్టరన్ననో, ఒకమారు గంట కొట్టి బస్సు నాపుచు, రెండుమార్లు కొట్టి కదలించుచు, ఊగుచున్న బండిలో వంకరమెట్ల మీదుగా పైకిని క్రిందికిని తిరుగుచు, దినమునకు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కును. ఒకే సంస్థ, ఒకే తరగతి జీవనము, ఒకే బస్సు, భేదమంతయు మెట్లలోనే. 1949, 1950 సంవత్సరములలో 35 మొదలు 64 ఏండ్ల వయస్సు గల సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల అనారోగ్య వివరములు పరిశీలింపగా, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుటయే గాక, వచ్చినను ఆలస్యముగా, తేలికగా వచ్చుచున్నట్లు తేలెను. ఈ ఫలితములు 1953లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి.

ఇంతటితో కథ ముగిసినచో అది నీతికథ యగునే కాని చరిత్ర కాజాలదు. మారిస్ బృందము సంస్థవారి యూనిఫారముల చిట్టాలు తెప్పించి, లాగుల నడుము కొలతలు సరిచూచెను. దర్జీకి రోగనిదానముతో పనిలేదు. గుడ్డ చాలునా చాలదా యనునదే యాతని చింత. అయినను ఆ అంగుళములే సాక్ష్యము పలికినవి: సమానమైన ఎత్తు గలవారిలో డ్రైవరు నడుము కండక్టరు నడుముకన్న పెద్దది, చిక్కేమనగా, పిన్నవయస్కులలోను పెద్దదే! అనగా ఏండ్ల తరబడి కూర్చుండుట వలననే అది పెరిగినదని చెప్పుటకు వీలులేక, స్థూలకాయులే ఆ ఆసనమును కోరి చేరుచున్నారేమో యను సందేహము పుట్టెను. తన వాదమునకు అడ్డువచ్చు సాక్ష్యమును తానే వెదకి 1956లో అచ్చొత్తించిన ఆ నిజాయితీ, నా దృష్టిలో, 1953 నాటి పరిశోధనకన్న గొప్పది. అటుపిమ్మట డ్రైవర్లలో రక్తపుపోటును, రక్తమున కొలెస్టరాలును గూడ హెచ్చుగా కనబడినవి.

ఇట్టి విడివిడి లక్షణములు పెక్కింటికి మూలమున ఇన్సులినునకు దేహము లొంగకుండుట యున్నదని 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ వివరించి, ఆ సముదాయమునకు ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరిడెను. నేడు దానినే మెటబాలిక్ సిండ్రోమ్ అనుచున్నారు. దానిని గుర్తించు నడుము కొలతలో మనకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. ఐరోపా పురుషుని నడుము 94 సెంటీమీటర్లు చేరువరకు హెచ్చరిక లేదని 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య నిర్ణయించగా, దక్షిణాసియా పురుషునికి ఆ హద్దు 90 వద్దనే గీయబడెను. చూపునకు సన్నగా నుండియు లోలోపల కొవ్వు దాచుకొను దేహములు మనవి.

ఆ 2005వ సంవత్సరమే, డిసెంబరు 9న, లండనులో 159వ నంబరు మార్గమున, వెనుక తలుపు లేని పాత రెండంతస్తుల రూట్‌మాస్టరు బస్సుల నిత్యసేవ ముగిసినది. ముచ్చటకై నడిపిన కొన్ని బండ్లు తప్ప, మెట్లెక్కి టిక్కెట్లు కొట్టు కండక్టరు లండను బస్సులలో లేకుండ పోయెను, మిగిలినవాడు కూర్చుండువాడే.