రంగయ్య, గోవిందు

రంగయ్య, గోవిందు 19వ శతాబ్దపు తెలుగు చిత్రకారులు. స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ (1796–1872) కొలువులో దక్షిణ భారతపు మొక్కల బొమ్మలు గీశారు. 1820ల నుంచి రెండు దశాబ్దాల పాటు రంగయ్య, ఆ తర్వాత 1853లో వైట్ స్వదేశానికి వెళ్ళేదాకా గోవిందు ఈ పని చేశారు.

వీరు తంజావూరు ఆస్థానాన్ని ఆశ్రయించిన తెలుగు చిత్రకారుల కుటుంబాలవారని భావిస్తారు. రాజులనే ఆ చిత్రకారులది దేవుళ్ళ పటాలకు బంగారు రేకు అద్దే చెయ్యి. ఈస్టిండియా కంపెనీ దొరలు కొనుగోలుదారులయ్యాక కులవృత్తులవారినీ ఊరేగింపులనూ కూడా గీశారు. అలాంటి బొమ్మల్లో వేసినవారి పేరు కనబడటం అరుదు. వైట్ అచ్చు వేయించిన పటాల మూలన మాత్రం రంగయ్య పేరు, గోవిందు పేరు ఉంటాయి. వారు చరిత్రకెక్కడానికి ముఖ్య కారణం అదే.

వైట్‌కు ముందు, సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలను లండన్‌కు పంపితే, అక్కడ రాగి రేకులపై చెక్కి 300 పటాలుగా వెలువరించారు. అది ఖరీదైన పద్ధతి. వైట్ రాతి అచ్చును ఎంచుకున్నాడు. తానే ఆ విద్య నేర్చి మద్రాసులోనే పని మొదలుపెట్టాడు. సున్నపురాతి పలకపై జిడ్డు సిరాతో గీసి, రాయిని తడిపి సిరా పూస్తే గీసినచోటే సిరా పట్టుకుంటుంది. అలా 1838–1853 మధ్య వచ్చిన ‘ఐకోనెస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్’ ఆరు సంపుటాల్లో 2,101 పటాలున్నాయి. దాదాపు అన్నీ రంగులేని గీతలే. రంగు చాటున దాగే వీలు లేదు కాబట్టి, చిత్రకారుడి పనితనం తెలియాలంటే రంగులద్దిన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ బాటనీ’ కంటే దీన్నే చూడాలి.

అదే కాలంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డన్ యానాదుల దగ్గర ఆ ప్రాంతపు జంతుజాలం గురించి తెలుసుకునేవాడు. కలివికోడి ఇంగ్లీషు పేరులో ఉన్నది ఈయన పేరే. మద్రాసులో వెలువడిన ఆయన పక్షుల పుస్తకంలోని (1843–47) 50 రంగుల పటాలూ రాతి అచ్చువే. వాటి చిత్రకారుల్లో సి.వి. కృష్ణరాజు ఒకరు. స్థానిక చిత్రకారుల పనితనం ఐరోపా పుస్తకాలకు తీసిపోదని పక్షిశాస్త్రవేత్త హ్యూ స్ట్రిక్‌లాండ్ మెచ్చుకున్నాడు.

వైట్ వెళ్ళిపోయాక గోవిందు మరో వృక్షశాస్త్రవేత్త హ్యూ క్లెగ్‌హార్న్‌కు పనిచేశాడు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. నేటి వర్గీకరణలో అది ట్రోపిడియాలో కలిసిపోయింది. ఇద్దరి మూలచిత్రాలూ ఎడింబరో, క్యూ ఉద్యానాల్లో ఉన్నాయి. వాటిని విస్తృతంగా పరిశోధించి ప్రచురించినవాడు వృక్షశాస్త్రవేత్త హెన్రీ నోల్టీ.